చెల్లి పైన, అక్క కింద

వాక్యూమ్ పంపు మూలుగుతూనే ఉంది. ఈ గదికి కిటికీ లేదు, ఉన్న ఒక్క తలుపుకీ చుట్టూ రబ్బరు అంచు వేశారు, బయట ఎండో వానో తెలియదు, భోజనం ముగించుకుని వచ్చాను కాబట్టి మధ్యాహ్నమని తెలుసు, అంతే. ఎత్తు స్టూలు మీద కూర్చున్నాను, కాళ్లు నేలకు ఆనడం లేదు, పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్న పిల్లలా ఉన్నాను. యంత్రం ముందు అల్లుడుగారు ఉన్నాడు. అతను ఎవరికీ అల్లుడు కాదు, పెళ్లే చేసుకోలేదు, కానీ ఈ యంత్రాన్ని అత్తగారు అంటాడు, అలిగితే రోజంతా మాట్లాడదట, మర్యాద తగ్గితే కావాలని తప్పు లెక్కలు చెబుతుందట, అందుకని ఊడ్చే మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరికీ అతను అల్లుడుగారే. "అత్తగారి మనసు ఇవాళ బాగానే ఉంది మేడం, గంటలో తేల్చేస్తుంది" అన్నాడు ఇందాక. ఆరేళ్లుగా తేలని దాని కోసం వచ్చి కూర్చున్నానని అతనికి తెలియదు. అతనికి తెలిసిందల్లా రెండు బూడిద పొరలు, వాటిలో ఏది అక్కో ఏది చెల్లో చెప్పాలి, చెబితే నేను వెళ్లిపోతాను, అతను టీ తాగడానికి వెళ్తాడు.

అక్క, చెల్లి అని పేర్లు పెట్టింది మా ఆయనే. సముద్రం అడుగున మట్టి ఎంత తాపీగా పేరుకుంటుందంటే, ఏ ఆఫీసు ఫైలైనా దానికన్నా వేగంగా కదులుతుంది. వేలెడు మందానికి వేల ఏళ్లు. పైగా అంతా ఒకటే రంగు, నానిన గోనెపట్టా రంగు, ఎంత లోతుకు వెళ్లినా అదే మట్టి, ఎక్కడున్నామో, ఏ కాలంలో ఉన్నామో గుర్తు దొరకదు. ఉన్నట్టుండి మధ్యలో ఒక తెల్ల గీత వస్తుంది. ఎక్కడో దూరంగా ఒక కొండ పేలి, దాని పొడి ఆకాశమంతా కమ్మి, కొద్ది రోజుల్లోనే సముద్రం నిండా రాలిపడిన గీత అది. కొండ దగ్గరి రాళ్లకు వయసు కట్టడం మాకు వచ్చు, కాబట్టి గీత వయసు తెలుస్తుంది. గీతకు కింద ఉన్నది అంతకు ముందు జరిగింది, పైన ఉన్నది ఆ తర్వాత జరిగింది. నా ఉద్యోగమంతా ఇంతే, మా అమ్మకు విడమరిచి చెబితే "అయితే జీతం దేనికిస్తున్నారే?" అంది. మేం పనిచేసే సముద్రం దగ్గర ఆ కొండ రెండుసార్లు పేలింది, పాత బూడిద అక్క, తర్వాతది చెల్లి. కంటికి రెండూ ఒకే తెలుపు, సూక్ష్మదర్శిని కింద పెట్టినా రెండూ ఒకలాంటి గాజు పలుకులే, వంపు తిరిగి, పల్చగా, అద్దంలా. తేడా అంతా ఒక్క పొటాషియంలో ఉంది, అక్కలో ఎక్కువ, చెల్లిలో తక్కువ, అది అత్తగారికి తప్ప ఇంకెవరికీ కనపడదు. ఎక్కడ తవ్వి తీసినా చెల్లి పైన, అక్క కింద. కొత్తగా చేరిన వాళ్లందరి చేతా ఆయన ఈ నాలుగు మాటలూ ఎక్కంలా వల్లె వేయించేవారు.

ఎక్కం తర్వాత రెండో పాఠం మూతల గురించి. ఓడ మీంచి పొడుగాటి ఇనప గొట్టాన్ని దింపి సముద్రం అడుగున గుచ్చితే దాని లోపలి ప్లాస్టిక్ గొట్టంలోకి మట్టి ఎక్కుతుంది, దాన్నే కోర్ అంటాం. పైకి లాగి డెక్కు మీదే మనిషెత్తు ముక్కలుగా కోసి రెండు కొసలకూ మూతలు బిగించాలి, పైకొసకు నీలిమూత, అడుగుకొసకు తెల్లమూత, పక్కన పైకి చూపే బాణం. ఓడ ఊగుతుంటుంది, నీళ్లు కారుతుంటాయి, నలుగురు అరుస్తుంటారు, అయినా మూత మారకూడదు, మారితే ఆ ముక్కలో కాలం తలకిందులవుతుంది, ముందు జరిగింది తర్వాత జరిగిందని పుస్తకాలకెక్కుతుంది. ఆ పని మా ఆయనది. "నీలం అంటే ఆకాశం. ఆకాశం పైనుంటుంది. ఇందులో మతి పోగొట్టుకోడానికేముంది?" అనేవారు. పని చేసినన్నాళ్లూ ఆయన మూత ఒక్కటీ తప్పలేదు, సంస్థలో ఆయన పేరే నీలిమూత అయిపోయింది, అసలు పేరుతో పిలిస్తే ఆయనే ఒక్క క్షణం ఆగి పలికేవారు. ఇంట్లోనూ అంతే, బట్టల అలమరలో అరలకు బాణాలు, మందుల పెట్టె మీద బాణం, అటక మీద దుప్పట్ల మూట మీద కూడా బాణం. మూటకి పైనేంటి కిందేంటి అని నేను అడిగితే, "నువ్వలాగే అంటావు, తలకిందులైన రోజు తెలుస్తుంది" అన్నారు.

పోయిన వారం, కోర్ ముక్కలు దాచే కోల్డ్ రూమ్‌లో అడుగు అర ఖాళీ చేస్తుంటే ఈ ముక్క బయటపడింది. ఆయన చివరి ప్రయాణంలో తీసింది. ఆ ప్రయాణంలో పెద్దవాళ్లకు కావలసిన చోటు వేరే, ఈ చోట తీసిన మట్టి ఎవరికీ అక్కర్లేక ఆరేళ్లు చలిలో అలాగే పడుంది, ఎవరూ కొయ్యలేదు. మూతలు తీసి, రంపం పట్టించి నిలువునా రెండు బద్దలు చేశాం, కుళ్లిన గుడ్డు వాసన గుప్పున వచ్చింది, కొత్తవాళ్లు ముక్కు మూసుకున్నారు, నాకు ఆ వాసన ఆయన ఓడ దిగి ఇంటికొచ్చినప్పుడు సంచిలోంచి వచ్చే వాసన, మూసుకోలేదు. గాజు పలకతో పైపై మట్టి గీకాను. రెండు తెల్ల గీతలు. ఒకటి కింద, తెల్లమూతకు మూరెడు ఎగువన. రెండోది పైన, సరిగ్గా నీలిమూత కొసన, ఓడ మీద గొట్టాన్ని కోసినప్పుడు దాని మీదుగానే కోశారు, మూత తీస్తే తెల్లగా కనపడుతుంది. గోటితో రవ్వంత తీసి ముందుపళ్ల మధ్య పెట్టి కొరికాను, మా వాళ్లం అందరం చేసే పనే, మట్టి అయితే వెన్నలా జారిపోతుంది, బూడిద అయితే కరకరమంటుంది. కరకరమంది. అంతవరకు బాగానే ఉంది, తర్వాత చూపు అంచుల మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది.

బూడిద పడ్డప్పుడు దాని కింది అంచు కత్తితో కోసినట్టుంటుంది. నిన్నటి దాకా మట్టి, ఇవాళ బూడిద, మధ్యలో సందేహం ఉండదు. పై అంచు అలా ఉండదు, తర్వాత వచ్చిన పురుగులు తొలుచుకుంటూ తిరిగి కొత్త మట్టినీ పాత బూడిదనూ కలిపేస్తాయి, తెలుపు మెల్లగా చెదిరి, పల్చబడి, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా అయిపోతుంది. దుఃఖం కూడా ఇంతేనని ఒకప్పుడు అనుకునేదాన్ని, మొదలు తెలుస్తుంది, చివర తెలియదు అని, ఇప్పుడు నాకు మొదలే తెలియకుండా పోయింది, అది వేరే సంగతి. ఈ ముక్కలో కింది గీతకు పై అంచు పదునుగా ఉంది, రెండు గీతలకూ కింది అంచు చెదిరి ఉంది. అంటే ముక్క తిరగబడి ఉంది. అంటే నీలిమూత అడుగుకొసకు పెట్టారు. మా హెడ్ వంగి చూసి "రంపం చెదరగొట్టుంటుందండీ, అలా అవుతుంది, అంచుల్ని నమ్మకండి" అని వెళ్లిపోయాడు. కావచ్చు. కానీ గొట్టం మీద బాణం ఉంది, ఆ బాణం తోకకు రెండు గీతలు ఎక్కువ, చేప తోకలా, అలా గీసేది ఈ సంస్థలో ఒక్కరే. నేను ఆ చలిలో చేతి తొడుగులతో ఆ బాణం పక్కన చాలాసేపు నిలబడ్డాను. తర్వాత రెండు గీతల్లోంచీ రవ్వంత రవ్వంత తీసి, కడిగి, జల్లించి, ఎండబెట్టి, జిగురులాంటి రెజిన్‌లో పోసి, అద్దంలా సానపట్టి, ఎవరికీ చెప్పకుండా ఇక్కడికి తెచ్చాను. ముక్క సరిగ్గానే ఉంటే నీలిమూత కొసన ఉన్నది చెల్లి. తిరగబడి ఉంటే అక్క.

"మొదలుపెట్టింది మేడం" అన్నాడు అల్లుడుగారు. తెర మీద నల్లని దాంట్లో తెల్లని పలుకులు, వాటి మీద పచ్చ చుక్క ఒకటి ఆగి ఆగి నడుస్తోంది. ఒక్కో పలుకు దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగుతుంది. తొందరపెట్టి లాభం లేదు.

ఆరేళ్లుగా నన్ను తొలిచే ఆ మాట ఆయన అన్నది వంటింట్లో. ఆ చివరి ప్రయాణం ముగించి ఓడ దిగి వచ్చిన రెండో నెల, ఆదివారం. ఆయన బల్ల దగ్గర కూర్చుని నారింజపండు వలుస్తున్నారు, తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీయడం ఆయన సరదా, నేను గిన్నెలు తుడుస్తున్నాను, కొళాయి కారుతోంది, నేను ఏదో అడిగాను. ఏమడిగానో తర్వాత ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు, సాయంత్రం కాస్త బయటికి వెళ్దామా అని ఉంటుంది, అంతకన్నా పెద్దదేం కాదు. ఆయన తలెత్తలేదు. కోపం లేదు, విసుగు కూడా లేదు, రేపు మబ్బు పడుతుందని చెప్పినట్టు చెప్పారు. "నువ్వంటే నాకిష్టం లేదు. మొదట్నుంచీ లేదు. చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను." చెప్పి, ఒక తొన విడదీసి నా చేతికిచ్చారు. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా, పుల్లగా ఉంది, గింజ ఉంది, గింజ ఎక్కడ వెయ్యాలో తెలియక చాలాసేపు నోట్లోనే పెట్టుకున్నాను.

ఇష్టం లేదన్నా తట్టుకునేదాన్ని. పెళ్లై అన్నేళ్లయ్యాక ఎవరికి ఎవరంటే అంత మురిపెం ఉంటుంది, అందరం సర్దుకుపోయేవాళ్లమే. నా ప్రాణం తీసింది మొదట్నుంచీ అన్న మాట. అది వట్టి తిట్టు కాదు, అది కాలం లెక్క, పైనుంచి అడుగుదాకా ఒకే రంగు అని చెప్పడం. పెళ్లయిన కొత్తలో వాన పడితే కారే గది, మంచం రాత్రికి మూడుసార్లు జరిపి చివరికి ఇద్దరం నడవలో గోడకానుకుని కూర్చుని నవ్వుకున్నాం, మరి అది? నాకు జ్వరమొస్తే ఆయన వారం సెలవు పెట్టి తడిగుడ్డ మార్చింది? మా అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేక కూర్చుంటే నా జడ అల్లారు, వంకరగా, చేత కాకపోయినా, మరి అప్పుడు? ఒక్కొక్కటీ తీసి, తిప్పి, కింద ఏముందో చూడటం మొదలుపెట్టాను. చూస్తూ పోతే దేని కిందైనా ఏదో ఒకటి ఉన్నట్టే ఉంటుంది. ఆరేళ్లు, ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ఇదే పని.

ఆయన ఆ మాట మళ్లీ అనలేదు, వెనక్కీ తీసుకోలేదు. మర్నాడు లేచి ఎప్పట్లాగే నాకు కాఫీ కలిపిచ్చారు. నేను అడగలేదు, ఏమని అడగాలి, నిన్న మీరన్నది నిజమేనా అనా, నిజమే అంటే ఏం చెయ్యాలి? ఏడాది తిరిగేసరికి ఒకరోజు ఫ్రిజ్ తెరిస్తే ఆయన బూట్లున్నాయి, కడిగి, తుడిచి, జోడుగా. నేను పకపకా నవ్వాను, ఆయనా నవ్వారు, తర్వాత ఇద్దరం ఒకేసారి ఆపేశాం. స్కానింగులో నుదుటి వెనకాల నిమ్మకాయంత తెల్ల మచ్చ కనపడింది. డాక్టరు బాగా చిన్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు. ఎప్పట్నుంచి ఉందండీ ఇది అని అడిగాను. "చెప్పలేమమ్మా. ఈ రకం నిదానంగా పెరుగుతుంది. ఏడాది కావచ్చు, రెండు మూడేళ్లూ కావచ్చు. మనిషి మారినట్టు మీకెప్పుడనిపించింది?" నేను తెల్లబోయాను. నేను అతన్ని అడగాల్సింది అదే. మార్పును బట్టి జబ్బు మొదలు చెబుతానంటాడు అతను, జబ్బు మొదలును బట్టి అది మార్పో కాదో తెలుసుకుందామని నేను, ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. మందులు రాసిచ్చాడు, తెచ్చుకున్నాం.

మా ఆడపడుచు మంచిది. ఆస్పత్రికి అన్నం తెచ్చి, నేను తినేదాకా గుమ్మంలో నిలబడేది. ఒకనాడు ఉండబట్టలేక ఆమెకు చెప్పేశాను, వంటిల్లు, నారింజ, అన్నీ. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని "జబ్బు మాట్లాడించింది వదినా, అన్నయ్య కాదు" అంది. నీకెలా తెలుసు అన్నాను. "తెలియడమేంటి వదినా, అలా అనుకోవాలి." అనుకోవాలి. ఆమె ధర్మం అది, తప్పు పట్టను. కానీ నేను జీవితమంతా ఇలా అనుకోవాలి అన్నవాళ్ల పరిశోధన కాగితాలను వెనక్కి పంపిన మనిషిని, నాకు అనుకోవడం చేత కాదు, నాకు గీత కావాలి. ఇదిగో ఈ రోజుకు జబ్బు ఉంది అని చూపే గీత ఒక్కటుంటే, వంటింటి ఆదివారం దానికి పైన పడిందో కింద పడిందో నేనే చూసుకుంటాను. అలాంటి గీత దొరకలేదు. ఆయనకు స్నానం చేయించాను, అన్నం తినిపించాను, చివర్లో నన్ను చూసి ఎవరండీ మీరు అంటే, పక్కింటావిణ్ణి అని చెప్పి నవ్వించాను, అన్నీ చేశాను, ఏ ఒక్కటీ మనసు విప్పి చెయ్యలేదు. మొదట్నుంచీ అన్న మాట మా ఇద్దరి మధ్య మంచం మీద కూర్చునే ఉండేది. ఆయన పోయిన రోజు కూడా అది లేచి వెళ్లలేదు.

అందుకే నాకు ఇవాళ ఆయన తప్పు చేసి ఉండాలి. ఇంకోలా చెప్పడం రాదు. మూత ఎన్నడూ తప్పని మనిషి ఓడ మీద మూత తప్పారంటే, అప్పటికే ఆ నిమ్మకాయ ఉన్నట్టు. ఓడ ముందు, వంటిల్లు తర్వాత. ఆ ఆదివారం గీతకు పైన పడినట్టు, ఆ మాట ఆయనది కానట్టు. మూత సరిగ్గా పెట్టి ఉంటే ఆయన చెయ్యి బాగున్నట్టు, బుర్ర బాగున్నట్టు, మాట ఆయనదే అయినట్టు. ఏ పెళ్లామైనా మొగుడి పని తప్పని తేలాలని ఇలా దేవుళ్లకు దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంటుందా? సంస్థ మొత్తం నీలిమూత అని తలుచుకునే మనిషిని నేను ఈ మధ్యాహ్నం పడగొట్టాలని చూస్తున్నాను.

"ఇదిగో మేడం, నీలిమూత వైపుది అయింది" అన్నాడు అల్లుడుగారు. అంకెలు బారుగా దిగుతున్నాయి. నాకు ఒక్క గడి చాలు. పొటాషియం ఎక్కువ. మొదటి పలుకులో ఎక్కువ, రెండో దాంట్లో ఎక్కువ, వరసగా అన్నిట్లోనూ ఎక్కువ. అక్క. "అక్కే కదా?" అన్నాను, అనవసరంగా. "అక్కేనండీ, నిక్షేపంలాంటి అక్క" అన్నాడు. ఇంకా రెండోది ఉంది. ఒక్కోసారి సముద్రం అడుగున వాలు జారి పాత బూడిదే కొట్టుకొచ్చి మళ్లీ పేరుకుంటుంది, అప్పుడు పైనా అక్కే, కిందా అక్కే ఉంటుంది, మూత తప్పనక్కర్లేదు. తెల్లమూత వైపుది చెల్లి అయితేనే తిరగబడ్డట్టు. పచ్చ చుక్క రెండో గుంపు పలుకుల మీదికి నడిచింది.

ఇంకొంచెంసేపు. ఫోను సంగతి తలుచుకోకూడదనుకున్నాను, తలుచుకోకూడదనుకుంటే ఆగుతుందా. ఆరేళ్లుగా మొదట్నుంచీ అన్న మాటకు ఎదురు పెట్టుకోవడానికి నా దగ్గర మిగిలింది ఆ ఒక్క ఫోనే. అదే చివరి ప్రయాణంలో, ఓడ మీంచి. ఆయనకు ఫోనంటే టెలిగ్రాము, చేరాను, బాగున్నాను, పెట్టేస్తున్నాను, అంతే. ఆ సాయంత్రం మాత్రం పెట్టెయ్యలేదు. శాటిలైట్ ఫోనులో మాట వెళ్లి రావడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. "ఇవాళ నీలిమూత పెడుతుంటే కొసన తెల్లగా కనపడింది. నీ చెల్లి. చూడగానే నువ్వు గుర్తొచ్చావు" అన్నారు. నేను ఆలోపే వంటింటి కొళాయి కారుతోంది, మనిషిని పిలవనా మీరొచ్చాక చూస్తారా అని అడిగేశాను. నా కొళాయి ఆయనకు చేరేలోపు ఆయన తర్వాతి మాట నాకు చేరింది. "పనేం లేదు. ఊరికే, నీ గొంతు వినాలనిపించింది." తర్వాత నా కొళాయి అక్కడికి చేరినట్టుంది, నవ్వారు, "నేనొచ్చి చూస్తాలే" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అలాంటి మాట ఆయన నోట ఇంకెప్పుడూ వినలేదు. వంటింటి మాట లేచి కూర్చున్నప్పుడల్లా నేను ఈ మాటను తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టేదాన్ని. ఇష్టం లేనివాడికి ఊరికే గొంతు వినాలని ఎందుకనిపిస్తుంది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నెట్టుకొచ్చాను.

"అయిపోయింది మేడం" అన్నాడు. రెండో వరస. పొటాషియం తక్కువ, తక్కువ, అన్నీ తక్కువ. చెల్లి. తెల్లమూత వైపు చెల్లి, నీలిమూత వైపు అక్క. అల్లుడుగారు కుర్చీ వెనక్కి వాల్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తలకిందులండీ, అనుమానమే లేదు. ఎవరు పెట్టారో గానీ తిరగేసి పెట్టేశారు మూత." మొహం ఎలా పెట్టానో తెలియదు, అతను నన్ను ఓదార్చాలనుకున్నట్టున్నాడు, ముక్క పాడైందని బాధపడుతున్నాననుకున్నాడు. "మనిషన్నాక అవుతుంది మేడం. ఎండ, ఓడ ఊగడం, నిద్ర ఉండదు. పాపం ఏదో ఆలోచనలో ఉండుంటారు."

ఏదో ఆలోచనలో. స్టూలు దిగాను, కాళ్లకు నేల అందడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. ఏ ఆలోచనో నాకు తెలుసు. నీలిమూత పెడుతుంటే అన్నారు. కొసన తెల్లగా అన్నారు. ఈ మూతే, ఈ కొసే, ఆ రోజే. నీలిమూత చేతిలో పట్టుకుని, మట్టి కొసన తెల్లని గీత చూసి, నేను గుర్తొచ్చి, ఆ చేత్తోనే తప్పు కొసకు బిగించారు. చెల్లి అనుకున్నది అక్క. జబ్బు వల్ల చెయ్యి తప్పిందా, నా వల్ల తప్పిందా? జబ్బు వల్ల అయితే ఆ సాయంత్రం ఫోనులో వినపడిన గొంతూ జబ్బుదే. ఎన్నడూ అలా అనని మనిషి అన్నారంటే, ఎన్నడూ మూత తప్పని మనిషి తప్పినట్టే కదా. వంటింటి మాటను జబ్బుకు ఇచ్చెయ్యాలంటే ఫోను మాటనూ ఇచ్చెయ్యాలి, రెండూ గీతకు ఒకే వైపున ఉన్నాయి, ఒకటి ఉంచుకుని ఒకటి పారెయ్యడానికి లేదు. అలా కాక నన్ను తలుచుకునే చెయ్యి తప్పిందంటే, ఆయన ఆ రోజు బాగానే ఉన్నారు, అప్పుడు ఈ తప్పు దేనికీ సాక్ష్యం కాదు, వంటింటి ఆదివారం ఎక్కడిదో తెలియకుండా ఉన్నచోటే ఉండిపోతుంది. మొదట్నుంచీ అన్నది మాత్రం ఆ ఒక్క రోజు వరకు అబద్ధమవుతుంది. ఆ ఒక్క రోజుకే. మాట మెత్తనిదైనా, చెడ్డదైనా, ఏ నోట్లోంచి ఎవరు అన్నారో తేల్చే యంత్రం అల్లుడుగారి దగ్గర లేదు. "రిపోర్టు సాయంత్రం పంపిస్తాను" అన్నాడు. సరేనన్నాను.

కోల్డ్ రూమ్ తలుపు బరువుగా తెరుచుకుంది. కోటు గుండీలు పెట్టుకోలేదు, చలి నేరుగా వచ్చి ఎముకల్లో కూర్చుంది. ముక్క బల్ల మీదే ఉంది, బద్దలు రెండూ మళ్లీ ఒకటిగా చేర్చి మూతలు పెట్టి, తడిగుడ్డ కింద, ఎవరో నిద్రపోతున్నట్టు. నీలిమూత చలికి మళ్లీ బిగుసుకుపోయింది, లాగితే రాలేదు, రెండు చేతులతో తిప్పి లాగాను, చప్పుడుతో ఊడింది. లోపలి వైపు తెల్లని పొడి కాస్త అంటుకుని ఉంది. వేలితో తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. కరకరమంది, ఈసారి చూసుకోవలసిందేం లేదు, అయినా మెల్లగా, అరిగేదాకా నమిలాను, ఏడుపొచ్చింది, ఏడ్చాను, కోల్డ్ రూమ్‌లో ఏడిస్తే కన్నీళ్లు చటుక్కున చల్లబడతాయి, అది కూడా ఇవాళే తెలిసింది. తర్వాత ముక్కు తుడుచుకుని చెయ్యాల్సిన పని చేశాను. తెల్లమూత తీసి ఇటు పెట్టాను, నీలిమూత అటు పెట్టాను. చెల్లి పైన, అక్క కింద.

తప్పు బాణం కొట్టేసి సరైన బాణం గియ్యాలని మా నియమం. ఆ నియమం రాసింది ఆయనే, గోడ మీద అట్ట మీద ఉంది, దాని పక్కన కూడా ఒక బాణం ఉంది. నల్ల పెన్ను మూత తీసి, చేపతోక బాణం మీద పెట్టి, అలాగే ఉన్నాను. సిరా గడ్డకట్టుకుపోయేంత చలి, చేతిలో పెట్టుకుని పెన్నును కాసేపు వెచ్చచేశాను. దాన్ని కొట్టెయ్యలేదు. పక్కనే నా బాణం గీశాను, మామూలు తోకతో, ఎదురు దిక్కుకు. ఇప్పుడు ఒకే గొట్టం మీద రెండు బాణాలున్నాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. ముందు ముందు ఎవరో ఈ అరలోంచి దీన్ని తీసి, ఎవరీ మతిలేని పని చేసిందని తిట్టుకుంటూ నా దగ్గరికే వస్తారు, ఈ రెండింట్లో ఏది నిజమని అడుగుతారు. మట్టి సంగతైతే చెప్పగలను.